తునకల కథ



"ఆటలో కథ ఎక్కడుంది? బండ్లు ఢీకొట్టుకోవటం, పేల్చుకోవటం, అంతే గదా!" అని పెద్దలు అంటారు. "లేదు సార్, అందులో పెద్ద కథ ఉంది" అని పిల్లలు అంటారు. "అయితే ఆ కథ చెప్పరా" అంటే మాత్రం చాలామంది తెల్లమొగం వేస్తారు. ఈ తగవు మన కరీంనగర్‌లో ఎన్నో ఇళ్ళల్లో ఉన్నదే. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఈ నెల మన ముచ్చట ఆ తగవును గురించే. అది తీరాలంటే, అసలు కథ అనేది ఎన్ని విధాల చెబుతారో ముందు తెలుసుకోవాలి.

కథకు కట్టుబాట్లు

అవ్వ కథ మొదలుపెడుతూ "అనగనగా" అంటుంది. వినేవాళ్ళు "ఊ" కొట్టాలి. ఊ కొట్టటం ఆగితే అవ్వ కథ ఆపేస్తుంది. ఈ నియమాన్ని ఎవరూ ఏ పుస్తకంలోనూ రాసి పెట్టలేదు. అయినా అందరికీ తెలుసు. "అనగనగా" అనగానే ఇది నిన్నటి వార్త కాదనీ, ఆ రాజు ఏ సంవత్సరంలో పుట్టాడని అడగగూడదనీ వినేవాడికి అర్థమవుతుంది. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉండే ఇటువంటి ఒప్పందాలనే కథా సంప్రదాయాలు అంటారు.

మన ప్రాంతపు ఒగ్గుకథనే చూడండి. ఒగ్గు అంటే డమరుకం. ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే, పక్కనున్నవాడు మాటకు మాట అందిస్తాడు. వెనుకనుంచి డోలు, తాళాలు పలుకుతాయి. కథకుడు ఈ క్షణంలో మల్లన్న. మరుక్షణంలో పైబట్ట తలమీదికి లాక్కుని మల్లన్న భార్య. ఆ వెంటనే మళ్ళీ తానే కథకుడు. "మీసాలున్నవాడు ఆడదెలా అయ్యాడు?" అని చూసేవారిలో ఒక్కడూ అడగడు. అదే ఒప్పందం. వేములవాడ దగ్గరి హన్మాజీపేటవారు మిద్దె రాములు, జనగామ వైపు మాణిక్యాపురంవారు చుక్క సత్తయ్య ఈ విద్యలో గొప్ప పేరు తెచ్చుకున్నారు.

పటం కథ ఇంకొక పద్ధతి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులున్నారు. వీరు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. గుడ్డ అట్టలాగా గట్టిపడిన తరువాత దానిమీద ఎర్రని నేల వేసి, అడ్డవరుసలుగా బొమ్మలు గీస్తారు. పటం పదుల అడుగుల పొడవుంటుంది. దాన్ని చుట్టలాగా విప్పుకుంటూ, కథకుడు ఒక్కొక్క బొమ్మ చూపి కథ చెబుతాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు తమ తమ పటాలతో వస్తారు. ఎవరి కథ వారికుంది, ఎవరి కథకులు వారికున్నారు. పటం పాతబడి చినిగిపోతే దాన్ని చెత్తలో పారవేయరు. పూజచేసి నీళ్ళలో నిమజ్జనం చేస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పటం ముందు కూర్చున్న నేతపనివారికి మార్కండేయుడు యముడి పాశంనుంచి బయటపడతాడని ముందే తెలుసు. అయినా రాత్రంతా మేలుకుని వింటారు. "ఏం జరిగింది?" అనేది వారికి ప్రశ్నే కాదు. "ఎలా చెబుతాడు?" అన్నదే వారికి ముఖ్యం. కథ ఊరందరిదీ. కథకుడు దాన్ని మళ్ళీ గుర్తుచేస్తాడు, అంతే.

ఏమీ చెప్పని ఆట

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే కథ ఒకటి చూద్దాం. బాల్టిక్ సముద్రపు ఒడ్డున కాలినిన్‌గ్రాడ్ అనే పట్నం ఉంది. అది రష్యాదే గాని, మిగతా రష్యాకు అంటకుండా పోలండ్, లిథువేనియాల మధ్య విడిగా ఉంది. 1946 దాకా దాని పేరు కోనిగ్స్‌బెర్గ్. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ ఊరి పేరూ మారింది, జనమూ మారారు. ఆ పట్నంలో కె-డి ల్యాబ్ అనే సంస్థ 1998లో "వాంజర్స్" అనే కంప్యూటరు ఆటను తయారుచేసింది. బండ్లు పోరాడుకునే ఆటల్లో ఇంత వింతైనది మరొకటి దొరకటం కష్టం.

దాని వెనుక కథ ఇది. ఒకప్పుడు మనుష్యులు ఒక లోకంనుంచి మరొక లోకానికి దారులు తెరిచారు. ఒకచోట పురుగులవంటి వేరే జాతి ఎదురయింది. ఘోరమైన యుద్ధం జరిగింది. చివరకు రెండు జాతులూ నాశనమయ్యాయి. ఆ శిథిలాలలోనుంచి ఇటూ అటూ గాని కొత్త జీవులు పుట్టాయి. అవి నేలకింది గుహల్లో ఊళ్ళు కట్టుకుని బతుకుతున్నాయి. ఒక లోకంనుంచి మరొక లోకానికి బండిమీద తిరిగేవారు వాంజర్లు. మనం అటువంటి వాంజరు అన్నమాట.

నేను మీకు ఇది నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆట మాత్రం ఇలా చెప్పదు! ఆట మొదలుకాగానే మనం ఒక గుహలోని ఊళ్ళో ఉంటాము. ఎదురుగా ఆ ఊరి సలహాదారు, పురుగులాంటి జీవి, మనకు తెలియని మాటలతో ఏదో చెబుతాడు. ఆయనను ప్రశ్నలు అడగవచ్చు. ఒక ప్రశ్నకు జవాబు వస్తుంది, ఆ జవాబులో రెండు కొత్త మాటలుంటాయి. వాటిని గురించి అడిగితే మరి నాలుగు. ఇలా ఊరూరా తిరిగి, తునకలు ఏరుకుని, మనమే కథ అతుక్కోవాలి.

ఈ ఆటలోని కథా సంప్రదాయాలను వరసగా చూద్దాం.

మొదటిది, కథానాయకుడు కనిపించడు. మనకు కనిపించేది బండి మాత్రమే. లోపల ఎవరున్నాడో, వాడి మొగం ఎలా ఉంటుందో చూపరు. బండే వాడి ఒళ్ళు. బండి మారిస్తే రూపం మారినట్టే.

రెండవది, అన్నీ తెలిసినవాడు ఎవడూ లేడు. మన పురాణాల్లో సూతుడు శౌనకాది మునులకు మొదటినుంచి చివరిదాకా చెబుతాడు. ఇక్కడ ప్రతివాడికీ తన ఊరి ముచ్చటే తెలుసు. అదీ సగమే.

మూడవది, కర్మకాండ మిగిలింది, అర్థం పోయింది. ఆ ఊళ్ళలో పండుగల వంటి తంతులు చక్రంలాగా తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక్కొక్క తంతుకు ఒక్కొక్క సరుకు కావాలి. దాన్ని ఒక ఊరినుంచి మరొక ఊరికి మోయటం వాంజరు పని. దేనికి మోస్తున్నాడో మోసేవాడికే సరిగా తెలియదు.

నాలుగవది, పనికిమాలిన వస్తువుకు విలువ. నేలమీద పాకే చిన్న పురుగులే అక్కడ డబ్బు. వాటిని ఏరి ఇచ్చి సరుకు కొంటారు. ఒక లోకం తలకిందులయిందని చెప్పటానికి ఇంతకన్న చిన్న గుర్తు ఏముంటుంది?

అయిదవది, నేల కూడా కథ చెబుతుంది. పేలుడు జరిగినచోట గుంట పడుతుంది. నేల ఆకారమే మారిపోతుంది. ఇది ఎలా సాధ్యమో చెబుతాను. ఒక గళ్ళ కాగితం తీసుకోండి. ప్రతి గడిలోనూ ఒక అంకె వేయండి. 9 అంటే గుట్ట, 5 అంటే చదును, 1 అంటే లోయ. కంప్యూటరు నేలను ఇలాంటి అంకెల పట్టికలాగానే జ్ఞాపకం పెట్టుకుంటుంది. పేలుడు జరిగితే ఆ గడిలోని 5ను చెరిపి 2 వేస్తుంది. తెరమీద గుంట కనిపిస్తుంది. మామూలు ఆటలో గుట్ట అనేది వెనుక కట్టిన తెర వంటిది. ఇక్కడ అది లెక్క. లెక్క మారితే నేల మారుతుంది.

ఎందుకు ఇలా చెప్పారు?

"కథ సూటిగా చెబితే ఏం పోయింది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒక ఊరు ఉందనుకోండి. పెద్ద ఉపద్రవం వచ్చి, ఆ ఊళ్ళోని పెద్దలంతా పోయారు, పుస్తకాలు కాలిపోయాయి. చిన్నపిల్లలు మాత్రమే మిగిలారు. యాభై ఏళ్ళ తరువాత ఒక బాటసారి వచ్చి "మీ చరిత్ర ఏమిటి?" అని అడిగితే ఏం చెబుతారు? ఒకడికి ఒక పాట గుర్తుంటుంది. ఒకడికి ఒక పేరు. ఒకడు ఏటా ఒక రాయికి పసుపు పూస్తుంటాడు, ఎందుకో తెలియదు. కనక, సర్వనాశనం తరువాతి లోకాన్ని చూపదలచినవాడు కథను సాంతంగా చెబితే అది అబద్ధంలాగా ఉంటుంది. విరిగిన లోకానికి విరిగిన కథే సరిపోతుంది. ఒక కథ చెప్పే తీరు మంచిదా చెడ్డదా అంటే, ఆ విషయానికి సరిపోతుందా లేదా అని చూడాలి. ఆ లెక్కన ఈ ఆట మంచి మార్కులే తెచ్చుకుంటుంది.

ఈ సంగతి సినిమావారికీ తెలుసు. ఆస్ట్రేలియాలో తీసిన "మ్యాడ్ మ్యాక్స్" చిత్రాలు ఇటువంటి బండ్ల కథలన్నిటికీ పెద్దన్నలు. 1981లో వచ్చిన రెండవ చిత్రంలో పెట్రోలు కోసం ఎడారిలో బండ్ల యుద్ధం జరుగుతుంది. ఆ కథ చెప్పేది ఒక ముసలివాడు. అతడే అందులోని చిన్నపిల్లవాడని చివరికి తెలుస్తుంది. 1985లో వచ్చిన మూడవ చిత్రంలో పెద్దలు వదిలిపోగా ఎడారిలో మిగిలిపోయిన పిల్లల గుంపు ఉంటుంది. వాళ్ళు గుహగోడమీద బొమ్మలు గీసి ఉంచారు. ఒక అమ్మాయి పుల్లలతో కట్టిన చట్రాన్ని ఒక్కొక్క బొమ్మ ముందు పెట్టి తమవారి కథ చెబుతుంది. మిగతా పిల్లలు వంత పలుకుతారు. కూనపులివారు పటం విప్పి చెప్పటానికీ దీనికీ ఎంత దగ్గర పోలిక ఉందో చూడండి! లోకం అంతా పోయినా కథ చెప్పటానికి మనిషికి ఒక బొమ్మ, ఒక చట్రం, ఊ కొట్టే నలుగురు చాలు.

మన తెలుగువారూ ఈ దారి తొక్కారు. 2024 జూన్ 27న విడుదలైన "కల్కి 2898 ఏడీ"లో లోకం ఎండిపోగా కాశీ నగరం మిగులుతుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ అందులో బుజ్జి అనే మాట్లాడే బండిని పెట్టాడు. అయితే వాంజర్లకు లేనిది ఆ కథలో ఒకటుంది. కురుక్షేత్రంనుంచి బతికే ఉన్న అశ్వత్థామ అందులో ఉన్నాడు. పాత కథను ఎరిగినవాడు ఒక్కడు మిగిలినా ఆ లోకం పూర్తిగా పోయినట్టు కాదు.

నిజానికి, ప్రళయంలో బండి అనే ఊహ మనకు చాలా పాతది. భాగవతంలో ప్రళయం వచ్చినప్పుడు సత్యవ్రతుడు ఓడ ఎక్కుతాడు. మత్స్యావతారం దాన్ని లాగుతుంది. ఆ ఓడలో ఏముంది? బంగారం లేదు, ఆయుధాలు లేవు. విత్తనాలున్నాయి, సప్తర్షులున్నారు. అంటే తిండీ, తెలివీ!

ఇది ఆట కాదు

బాలలూ, ఇంతవరకు చెప్పినవి కల్పనలు. కాని కథ పోగొట్టుకునే ప్రమాదం కల్పన కాదు. దానికి ఎక్కడికో పోనక్కరలేదు. ఆదిలాబాదు అడవులదాకా పోతే చాలు.

అక్కడి గోండులలో ఒక్కొక్క వంశానికి వంశపారంపర్యంగా వచ్చే పర్ధాను ఉంటాడు. అతడు కింగ్రి అనే తీగల వాద్యాన్ని కమానుతో వాయిస్తూ ఆ వంశం కథ పాడుతాడు. గోండుల దేవతలు ఒకప్పుడు గుహలో బందీలయ్యారట. లింగాల్ అనే మహాపురుషుడు, జంగుబాయి దేవి సాయంతో, వారిని విడిపించి నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల శాఖలుగా విభజించాడట. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో జంగుబాయి గుహకు ఈనాటికీ పుష్యమాసంలో యాత్ర పోతారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవారు కాలినడకన గోదావరికి పోయి, జన్నారం మండలం హస్తినమడుగునుంచి నీళ్ళు తెస్తారు. వాంజరులాగా వీరూ ఒకచోటినుంచి మరొకచోటికి మోస్తున్నారు. కాని తేడా ఉంది. ఎందుకు మోస్తున్నామో వీరికి తెలుసు. ఎందుకంటే కథ పాడేవాడు పక్కనే ఉన్నాడు. ఆ పాట ఆగిన రోజున నీళ్ళకుండ మిగులుతుంది, అర్థం పోతుంది.

1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు మార్లవాయి గ్రామంలో గోండుల మధ్య నివసించి, వారి గాథలను కాగితంమీద పెట్టి 1948లో పుస్తకం ప్రకటించాడు. ఆ గ్రామంలోనే 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలయింది.

ఇంకొక సంగతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. అక్కడ గోండి భాషకు స్వంతలిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. అవి సుమారు 1750 ప్రాంతానివని అంచనా. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలికితెచ్చేనాటికి, ఆ లిపిని చదవగలవారు వేళ్ళమీద లెక్కించగలిగినంతమంది వృద్ధులే. ఆ వృద్ధులు కూడా పోయి ఉంటే ఏమయ్యేది? ప్రతులు ఉండేవి. అక్షరాలు ఉండేవి. చదివేవాడు ఉండేవాడు కాదు. వాంజర్ల లోకం మన గుంజాలలోనే పుట్టి ఉండేది! అదృష్టవశాత్తు అలా జరగలేదు. పెద్దలు చదివి చెప్పారు, లిపి నేర్పటానికి వాచకం తయారయింది, పిల్లలు దిద్దుకున్నారు. 2018 జూన్‌లో ఆ లిపికి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ గుర్తించే యూనికోడ్ పట్టికలో చోటు దొరికింది. అంటే, ఆటలో గుట్టలను అంకెలుగా దాచినట్టే, గుంజాల అక్షరాలనూ ఈనాడు అంకెలుగా దాచుకోగలుగుతున్నామన్నమాట.

ఆటలో బండి పేలిపోతే మళ్ళీ మొదలు పెట్టవచ్చు. ముసలి కథకుడు పోతే మళ్ళీ మొదలుపెట్టే మీట లేదు. పెద్దలూ పిల్లలూ ఇద్దరూ గుర్తుంచుకోవలసిన మాట ఇదే.

తగవు తీర్పు

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లవాడు ఆడే ఆటలో కథ ఉందో లేదో తెలుసుకోవటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆట ముగించగానే "ఆ కథ నాకు చెప్పు నాయనా" అనండి. కోపంతో కాదు, వినాలనే కోరికతో అడగండి. "ఊ" కొట్టండి. వాడు చెప్పగలిగితే, ఎవరు ఎవరితో ఎందుకు పోరాడారో, దేనికోసం తిరిగారో వివరించగలిగితే, ఆ ఆటలో కథ ఉన్నట్టే, వాడు దాన్ని గ్రహించినట్టే. "వాణ్ణి పేల్చాను, వీణ్ణి పేల్చాను" అన్నదే జవాబయితే అందులో కథ లేదు, లేదా ఉన్నా వాడికి అందలేదు. అప్పుడు ఆ ఆటకు ఇచ్చే సమయం తగ్గించవచ్చు. చెప్పకుండా ఆట లాక్కుంటే మాత్రం వాడికి కోపం మిగులుతుంది, మీకు కథ తెలియదు.

పిల్లలకూ ఒక మాట. వాంజర్ల ఆట నేర్పే విద్య ఒకటుంది. తెలియని మాట వినబడితే జారవిడవకుండా పట్టుకుని, దాన్ని గురించి మరొక ప్రశ్న అడగటం. ఈ విద్యను ఇంట్లోనే వాడండి. మీ ఇంటి తాతకో, అవ్వకో మీకు తెలియని తునకలు ఎన్నో తెలుసు. వారూ అన్నీ ఒక్కసారి చెప్పరు. ఒక సామెత అంటారు, ఒక ఊరి పేరంటారు, ఊరుకుంటారు. అడిగితేనే తరువాతి తునక వస్తుంది.

ఈ నెల పని ఇది. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంట్లో అందరికన్న పెద్దవారి దగ్గర కూర్చుని, వారి చిన్ననాటి కథ ఒకటి చెప్పమనండి. అందులో మీకు అర్థంకాని మాటలు మూడు రాసుకోండి. అది పనిముట్టు పేరు కావచ్చు, పండుగ పేరు కావచ్చు, ఇప్పుడు లేని చెరువు పేరు కావచ్చు. ఒక్కొక్క మాటను గురించి మళ్ళీ అడిగి, జవాబు దానికింద రాయండి. చివర కథ చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేయండి. అక్షరదోషాలకు భయపడకండి, వాటిని తరువాత దిద్దుకోవచ్చు. మాట పోతేనే దిద్దుకోవటానికి ఏమీ మిగలదు.